ప్రతి మూడో చోట గ్లైసిన్

వనపర్తిలోని ఒక డిగ్రీ కాలేజీలో నేను బయోకెమిస్ట్రీ చెబుతాను. రెండో సంవత్సరం వాళ్ళకు ప్రొటీన్ల పాఠం నాదే. అందులో పోగుల్లాంటి ప్రొటీన్ల గురించి ఒక భాగం ఉంటుంది. వెంట్రుకల్లోనూ గోళ్ళలోనూ ఉండే కెరాటిన్, పట్టుదారంలో ఉండే ఫైబ్రాయిన్, చర్మంలో, ఎముకల్లో ఉండే కొల్లాజెన్. పరీక్షలో దాని మీద వస్తే ఒక చిన్న ప్రశ్న వస్తుంది, లేకపోతే అదీ లేదు. అందుకని పిల్లలు ఆ భాగాన్ని గైడు పుస్తకంలో గీతలు పెట్టుకుని వదిలేస్తారు.

నేను మాత్రం ఆ పాఠానికి చేతిలో ఏదో ఒకటి పట్టుకుని వెళ్ళేదాన్ని. మాది గద్వాలలో మగ్గం ఉన్న ఇల్లు. అన్న చీర నేస్తాడు, వదిన కండెలు చుడుతుంది. ఇంటి నుంచి తెగిన పట్టుపోగు ఒకటి తెచ్చి పిల్లల చేత లాగించేదాన్ని. అది సాగదు. ఎందుకంటే అందులోని గొలుసులు ముందే నిటారుగా చాపుకుని, ఒకదాని మీద ఒకటి పొరలుగా పడుకుని ఉంటాయి. తర్వాత తడి వెంట్రుక లాగమనేదాన్ని. అది సాగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. కెరాటిన్ గొలుసు స్ప్రింగులా మెలికలు తిరిగి ఉంటుంది మరి. కొల్లాజెన్ చూపించడానికి మటన్ కొట్టు నుంచి మేక కాలి నార తెచ్చేదాన్ని, కండను ఎముకకు కట్టి ఉంచే తెల్లటి నార. వాసనకు ముందు బెంచీ ఆడపిల్లలు కొంగు, చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకునేవాళ్ళు. బోర్డు మీద మూడు గొలుసులు ఒకదాన్నొకటి చుట్టుకున్న తాడు గీసి, ప్రతి గొలుసులోనూ ప్రతి మూడో చోట గ్లైసిన్ ఉండి తీరాలని చెప్పేదాన్ని. మూడు గొలుసులూ కలిసే నడిమధ్యన ఇరుకు. అన్ని అమైనో ఆమ్లాల్లోకి చిన్నది గ్లైసిన్ ఒక్కటే అక్కడ పడుతుంది.

ఒక ఏడాది ఒక అమ్మాయి అడిగింది. "మేడమ్, ఒక్క చోట గ్లైసిన్ పోయి ఇంకోటి వస్తే ఏమైతది?"

"తాడు సరిగ్గా మెలి తిరగదు. ఎముకలు పెళుసవుతాయి. కంట్లో తెల్లగా ఉండాల్సిన చోట కొంచెం నీలంగా కనిపిస్తుంది. పెద్దయ్యాక కొందరికి చెవుడు వస్తుంది. పరీక్షకు ఇంతవరకు చాలు" అన్నాను.

ఆ శనివారం నేను బస్సెక్కి బీచుపల్లి వంతెన దాటి గద్వాల వెళ్ళాను. అన్న కూతురు, నా మేనకోడలు కాలికి పిండికట్టు వేసుకుని గడప దగ్గర కూర్చుని ఉంది. ఎముక విరగడం అది మూడోసారి. నేను దాని పక్కన కూర్చుని బిస్కెట్లు తినిపించాను. దాని కళ్ళలోకి చూశాను. నాకేమీ తట్టలేదు.

ఇప్పుడు ఆ సంగతి తలుచుకుంటే నన్ను నేను నాలుగు తిట్టుకోవాలనిపిస్తుంది. తిట్టుకున్నాను కూడా, చాలాసార్లు.

మొదటిసారి దాని తొడ ఎముక విరిగినప్పుడు పిల్లకు రెండేళ్ళు కూడా నిండలేదు. అప్పుడప్పుడే నడక నేర్చుకుంటోంది. మగ్గం గుంట అంచున తట్టుకుని పడింది. పెద్ద ఎత్తు కాదు, జానెడు. అందరం మగ్గాన్ని తిట్టుకున్నాం. రెండోసారి నాలుగేళ్ళప్పుడు. వదిన చెయ్యి పట్టుకుని నడుస్తూ కాలు జారింది, వదిన పడకుండా పైకి లాగింది. ముంజేతి ఎముక పుటుక్కున విరిగింది.

ఆ రెండోసారి నేను అక్కడే ఉన్నాను. పట్టణంలో ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయాం. అక్కడి డాక్టరు ఎక్స్‌రే చూసి, అంతకుముందు తొడ ఎముక విరిగిన సంగతి విని, వదిన వైపు తిరిగి నెమ్మదిగా అడిగాడు.

"ఇంట్ల ఎవరన్న కొడ్తరా పాపను?"

వదిన ఆయన ముఖంలోకి చూసి "ఆఁ" అంది.

అన్న తల వంచుకున్నాడు. మా అమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. డాక్టరు మళ్ళీ గట్టిగా అడిగేసరికి వదిన ఉలిక్కిపడి, "అయ్యో లేదు సార్, నేను నొస్తదా అని అడిగిన్రనుకున్న" అంది. ఆయన నమ్మినట్టు కనిపించలేదు. బయటికి వచ్చాక నేను వదిన మీద విరుచుకుపడ్డాను. "చెప్పేది వినవా వదినా? ఏం అడిగితే దానికి ఆఁ అంటావా?" వదిన బిడ్డను చంకనేసుకుని ఆటో వైపు నడిచింది.

ఆ "ఆఁ" మా ఇంట్లో చాలాకాలం బతికింది. పిల్ల గీరుకున్నా అమ్మ వదిన వైపు చూసేది. వీధిలో ఇద్దరు ముగ్గురు మాట్లాడుకున్నారని కూడా నాకు తెలుసు. వదినకు మాట సరిగ్గా వినపడదన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు. పరధ్యానం ఎక్కువని, మగ్గం చప్పుడులో పెరిగిన మనిషని సరిపెట్టుకున్నాం.

ప్రతిసారీ ఒకటే మందు. కాల్షియం. మొదటి డాక్టరు కాల్షియం సీసా రాశాడు, రెండో ఆయన వేరే రంగు సీసా రాశాడు. అమ్మ రాగిజావ, పాలు, ఉడకబెట్టిన గుడ్డు. ఎముక అంటే కాల్షియం, కాల్షియం అంటే ఎముక. కాల్షియం పట్టుకుని నిలబడే చట్రం కొల్లాజెన్ అని నేను ఏటా బోర్డు మీద రాసేదాన్ని. ఇంటికి వచ్చి మాత్రం నేనూ అదే సీసా కొనిచ్చాను.

చెయ్యి అతుక్కోవడం ఆలస్యమైందని అన్న ఎవరి మాటో విని పిల్లను బల్మూర్ అవతల పసరు కట్టు కట్టే ఒకాయన దగ్గరకు తీసుకెళ్ళాడు. ఆయన పిండికట్టు కోసేసి ఆకు నూరి వెదురు బద్దలతో కట్టాడు. చెయ్యి అతుక్కుంది, కానీ మణికట్టు పైన కొంచెం వంకర మిగిలింది. నాకు చెప్పకుండా ఎందుకు పోయావని అన్నను అడిగాను.

"నీకు చెప్తే ఏం చేస్తుంటివి చెల్లె? నువ్వు గూడ గా కాల్షియం సీసలే అంటివి గద" అన్నాడు.



అసలు సంగతి నాకు తెలిసింది మూడోసారి విరిగిన తర్వాత, ఒక ఆదివారం పొద్దున. పిల్ల కంట్లో నలుసు పడింది. వెలుతురు కోసం వాకిట్లోకి ఎత్తుకెళ్ళి, పై రెప్ప లేపి, తడి గుడ్డ కొసతో తీయబోయాను. రెప్ప కింద తెలుపు లేదు. పలచటి బూడిద నీలం. పాలల్లో ఒక చుక్క సిరా పడ్డట్టు. నేను రెండో కన్ను కూడా లేపి చూశాను. అదీ అంతే.

ఆ కళ్ళను నేను ఆరేళ్ళుగా చూస్తున్నాను. అందమైన కళ్ళని ముద్దు పెట్టుకున్నాను.

"అత్తా, నలుసు పోయిందా?" అంది పిల్ల.

"పోయింది" అన్నాను. నలుసు సంగతి అప్పటికే మరిచిపోయాను.

హైదరాబాదులో ఒక పెద్ద దవాఖానకు వెళ్ళాం. ఉదయం నుంచి కూర్చుంటే మధ్యాహ్నం తర్వాత లోపలికి పిలిచారు. ఆ డాక్టరమ్మ పాత ఎక్స్‌రేలన్నీ లైటు ముందు పెట్టి చూసింది. పిల్ల కళ్ళు చూసింది, పళ్ళు చూసింది, వేళ్ళు వెనక్కి వంచి చూసింది. నేను ఊహించింది చెప్పాను. ఆమె తల ఊపింది. తర్వాత నేను ఊహించని పని ఒకటి చేసింది. కుర్చీలోంచి లేచి వదిన దగ్గరకు వెళ్ళి, ఆమె గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పింది.

"మీకు ఎప్పటినుంచి సరిగ్గా వినపడట్లేదమ్మా?" అని గట్టిగా అడిగింది.

వదిన అన్న వైపు చూసింది, నా వైపు చూసింది. అబద్ధం చెప్పి దొరికిపోయిన మనిషి ముఖంలా అయింది ఆమె ముఖం.

"పాప పుట్టినకాన్నుంచి" అంది. "అంతకుముందు గూడ జర తక్కువనే ఉండె."

"చిన్నప్పుడు ఎముకలేమైనా విరిగాయా?"

"ఒకపారి చెయ్యి. ఇంకొకపారి కాలి వేలు. మా అమ్మగారింట్ల పసుపు కట్టిన్రు."

వదిన కళ్ళలోని నీలం ఇంకా పలచన. తెలిసినవాళ్ళు చూస్తేనే కనపడుతుంది. తెలిసినదాన్ని నేనే, ఏళ్ళ తరబడి ఆమె పక్కన కూర్చుని తిన్నదాన్ని.

రక్తం తీసుకుని పరీక్షకు పంపారు. చాలా రోజుల తర్వాత కాగితం వచ్చింది. కొల్లాజెన్ గొలుసులో ఒకచోట గ్లైసిన్ ఉండాల్సిన దగ్గర సెరిన్ ఉంది. అంతే. వెయ్యికి పైగా ఉండే వరుసలో ఒక్కటి. సెరిన్ ఏమంత పెద్దది కాదు, గ్లైసిన్ కంటే నాలుగు పరమాణువులు ఎక్కువ. నేను బోర్డు మీద సుద్దముక్కతో దాటేసిన ఆ తేడా ఆ కాగితం మీద మా మేనకోడలి వయసు పక్కన, మా వదిన వయసు పక్కన అచ్చయి ఉంది. ఒకే మార్పు ఒకే ఇంట్లో ఒకరికి తక్కువగా, ఒకరికి ఎక్కువగా ఎందుకుంటుందో ఇంకా సరిగ్గా తెలియదని డాక్టరమ్మ చెప్పింది.

"కొల్లాజెన్ సరిచేసే మందు లేదా?" అని అడిగాను. లేదని నాకు తెలుసు. అయినా అడిగాను.

"లేదు మేడమ్. ఎముక కరిగిపోయే వేగం తగ్గించడానికి కొన్ని నెలలకోసారి సెలైన్‌లో మందు ఎక్కిస్తాం. విరగడాలు తగ్గుతాయి. కాల్షియం కూడా ఇవ్వండి, కానీ అది ఒక్కటే సరిపోదు" అంది.

ఇంటికి వచ్చాక అసలు తప్పు చేశాను. అందరికీ అర్థమయ్యేలా చెప్పాలనుకున్నాను. నేను పంతులమ్మను కదా. కోడి కాలి ఎముక ఒకటి శుభ్రం చేసి గాజు సీసాలో వెనిగర్ పోసి నానబెట్టి, మధ్య మధ్యలో వెనిగర్ మార్చమని అన్నకు చెప్పాను. మరుసటి వారం వెళ్ళి దాన్ని బయటికి తీసి అమ్మ ముందు, అన్న ముందు వంచి చూపించాను. రబ్బరులా వంగింది. పిల్ల దాన్ని లాక్కుని మెలి తిప్పుతూ నవ్వింది.

"కాల్షియం అంతా కరిగిపోయింది. మిగిలింది ఇదే, కొల్లాజెన్. దీని వల్లే ఎముక దెబ్బకు ఓర్చుకుంటుంది. మన పిల్లకు ఇది సరిగ్గా తయారు కావట్లేదు. కింద పడేసినందుకు కాదు, తిండి పెట్టనందుకు కాదు. పుట్టుకతోనే వచ్చింది" అన్నాను.

వదిన మీద పడ్డ నింద ఈ మాటతో పోతుందని నా ఉద్దేశం. అన్న నిజంగానే తేలికపడ్డాడు. అమ్మ మాత్రం కాసేపు ఆ ఎముక వైపు చూసి, "పుట్టుకతోని అంటే ఎవరి నుంచి వచ్చింది బిడ్డా?" అంది.

నేను వెంటనే ఆగిపోయి ఉండాల్సింది. తరగతి గదిలో ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు. "ఇద్దరిలో ఒకరి నుంచి వచ్చినా చాలు. వదినకు కూడా కొంచెం ఉంది" అన్నాను.

వదిన కండెలు చుడుతూ ఆ పక్కనే ఉంది. నా మాటలన్నీ ఆమెకు వినపడి ఉండవు. కానీ అమ్మ తల తిప్పి చూసిన చూపు చూసింది. రాట్నం తిప్పడం ఆపింది.

ఆ తర్వాత అమ్మ నోట ఒకటే మాట. మా వంశంలో ఇట్లాంటిది లేదు, వాళ్ళ ఇంటి నుంచి వచ్చింది, పెళ్ళప్పుడు చెప్పలేదు. ఇంటికి ఎవరొచ్చినా అదే. నేను ఫోన్లో గొడవపడ్డాను.

"అమ్మా, ఆమె ఏం చేస్తుంది? ఆమెకే తెలియదు. ఇది ఎవరి తప్పూ కాదు."

"నేను తప్పు అన్ననా? నువ్వే అంటివి గద, ఆమె నుంచి వచ్చిందని. చదువుకున్నదానివి, నువ్వు చెప్తేనే నాకు ఎరుకైంది" అంది అమ్మ. వెటకారం కాదు, నిజంగానే అంది. నేను ఫోను పెట్టేసి స్టాఫ్ రూమ్‌లో ఎవరి ముఖమూ చూడకుండా కూర్చున్నాను. ముందు కొట్టే తల్లి అన్నారు. నా పుణ్యమా అని ఇప్పుడు చెడ్డ రక్తం తెచ్చిన కోడలయింది. ఎంత వివరించినా అమ్మ దగ్గరకు చేరేసరికి నా మాట ఆకారం మారిపోయేది.

వదిన నాతో మాట్లాడటం మానేసింది. నేను వెళితే కంచంలో అన్నం పెట్టేది, నీళ్ళిచ్చేది, మాట లేదు. అన్నను అడిగితే, "జర టైమియ్యి చెల్లె. పరేషాన్‌ల ఉంది" అనేవాడు. అన్న అమ్మకు ఎదురు చెప్పడు, వదినను ఏమీ అనడు. చీర నేస్తూ ఉంటాడు. ఆ మౌనం మీద కూడా నాకు కోపం వచ్చేది.

మందు ఎక్కించే రోజులకు నేను సెలవు పెట్టి వెంట వెళ్ళేదాన్ని. ఒకసారి సరిగ్గా అదే రోజు నాగర్‌కర్నూల్‌లో పరీక్ష డ్యూటీ పడింది. మార్చమని ప్రిన్సిపాల్‌ను అడిగాను. "మీ మేనకోడలికే కదా, తల్లిదండ్రులు తీసుకుపోరా?" అన్నారు. అన్న ఒక్కడే తీసుకెళ్తానన్నాడు, చివరికి మగ్గం మీది చీర ఆపలేక తేదీ వాయిదా వేశాడు. ఆ మధ్యలోనే పిల్ల బడిలో బెంచీ మీద నుంచి దిగుతూ పాదం విరగ్గొట్టుకుంది. మందు ఆలస్యమైనందుకే విరిగిందని ఎవరూ చెప్పలేరు. నాకు మాత్రం ఆ రోజు నాగర్‌కర్నూల్‌లో కూర్చుని ఎవరో కాపీ కొట్టకుండా కాపలా కాసిన గంటలన్నీ మంటగా గుర్తొస్తాయి.

ఒక మధ్యాహ్నం ప్యూన్ వచ్చి నా కోసం ఎవరో వచ్చారని చెప్పాడు. బయట వేపచెట్టు నీడన వదిన నిలబడి ఉంది. గద్వాల నుంచి ఒక్కతే వచ్చింది. నాకు తెలిసి ఆమె ఒంటరిగా బస్సెక్కడం అదే మొదలు. ల్యాబ్‌లో ఎవరూ లేరు. తీసుకెళ్ళి స్టూలు వేశాను. ఆమెకు ఎదురుగా, నా పెదవులు కనపడేలా కూర్చున్నాను.

"ఇంకొక బిడ్డ పుడితే గూడ గిట్లనే ఉంటదా?" అంది.

"ఉండొచ్చు, ఉండకపోవచ్చు. సగానికి సగం" అన్నాను. "కడుపులో ఉన్నప్పుడే పరీక్ష చేసి చూసే వీలుంది."

"మీ అమ్మ కొడుకు కావాలంటుంది."

"నేను మాట్లాడతాను వదినా."

"వద్దు." వదిన గొంతు ఆ గదికి అవసరమైన దానికంటే పెద్దగా వచ్చింది. "నువ్వు మాట్లాడకు. నువ్వు మాట్లాడిన ప్రతిపారి నా మీదనే పడ్తుంది. నువ్వు చెప్పింది నిజమే గావచ్చు. ఎవరి ముందల చెప్తున్నవో చూస్కోవద్దా?"

"తప్పు నాదే" అన్నాను.

"తప్పుల కోసం రాలే నేను. నాకు ఇంకొక బిడ్డ వద్దు. ఉన్నదాన్ని చూస్కుంట. మీ అన్నకు చెప్పిన, మీ అమ్మకు గూడ నేనే చెప్త. నువ్వు మల్ల గీ లెక్కలు తీస్కోని మధ్యల రాకు."

ఆమె కోసం టీ తెప్పించాను. తాగింది. బస్టాండ్ దాకా వెళ్ళాను. బస్సు కదిలేముందు, చెవి మిషన్ ఎక్కడ పెట్టిస్తారో కనుక్కోమని అడిగింది. నేను ఇచ్చిన సమాచారాల్లో ఆమె అడిగి తీసుకున్నది అదొక్కటే.

ఆమె అమ్మకు ఏం చెప్పిందో నాకు తెలియదు. నేను అడగలేదు. అమ్మ నెల రోజులు ముభావంగా ఉంది, తర్వాత కొడుకు మాట ఎత్తడం మానేసింది. నింద పూర్తిగా పోయిందని మాత్రం అనలేను. పండగలకు చుట్టాలొస్తే ఇప్పటికీ ఏదో ఒక మూల నుంచి ఆ మాట వినపడుతుంది. చెవి మిషన్ పెట్టుకున్నాక వదినకు కూడా వినపడుతుంది. మొదటి వారం దాన్ని తీసి డబ్బాలో దాచిందని అన్న చెప్పాడు. మగ్గం చప్పుడు మరీ ఎక్కువైందని, మనుషుల చప్పుడు అంతకంటే ఎక్కువైందని అందట. ఇప్పుడు బడికి, దవాఖానకు వెళ్ళేటప్పుడు పెట్టుకుంటుంది.

పిల్లకు తొమ్మిదేళ్ళు. గడిచిన ఏడాదిన్నరలో ఒకే ఒక్కసారి ఎముక విరిగింది, అదీ చిటికెన వేలు. పొడవు తక్కువ, నోరు ఎక్కువ. బడిలో ఆటల పీరియడ్‌లో దాన్ని గదిలో కూర్చోబెడుతున్నారని నేను రెండుసార్లు వెళ్ళి గొడవపడ్డాను. అయినా కూర్చోబెడుతూనే ఉన్నారు. పడితే బాధ్యత ఎవరిదని అడుగుతారు. నడవడం, ఈత లాంటివి ఎముకకు మంచివని డాక్టరు రాసిచ్చిన చీటీ ఫైల్లో పెట్టుకున్నారు, అంతే.

మొన్న మందు కోసం నలుగురం బస్సులో వెళ్తున్నాం. పక్క సీటులో ఒక ముసలామె పిల్ల చేతి వంకర చూసి, "ఏమైందమ్మా బిడ్డకు?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపు వదిన అంది. "మామిడిచెట్టెక్కి పడ్డది. మస్తు అల్లరి."

ముసలామె నవ్వి, పిల్ల బుగ్గ గిల్లి, జాగ్రత్త అని చెప్పి అటు తిరిగింది. పిల్ల మా అందరి వైపు చూసి గర్వంగా సర్దుకుని కూర్చుంది. అది జన్మలో చెట్టెక్కలేదు.

"ఎందుకట్లా అబద్ధం చెప్పావు వదినా?" అని మెల్లగా అడిగాను.

"నిజం చెప్తే హైదరాబాద్ దాక అడుగుతది" అంది వదిన, సంచిలోంచి పులిహోర డబ్బా తీస్తూ.

నాకు ఒళ్ళు మండింది. ఆ ముసలామెకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలని నాలుక దురద పెట్టింది. వదిన ముందు పిల్లకు, తర్వాత అన్నకు, చివరికి నాకు కాగితం మీద పులిహోర పెట్టింది. తీసుకుని తిన్నాను.